అమెరికా సైక్లోక్రాస్ కేటగిరీలు: పాలమూరు, నల్లగొండ రైడర్లకు ఏది సరిపోతుంది?

ఎమ్మెస్‌కో ఉద్యోగానికో అమెరికా పోయే మన పాలమూరు, నల్లగొండ పిల్లల్లో సైకిల్ వదలనివాళ్లు కొందరుంటారు. ఆగస్టులో దిగుతారు, సెప్టెంబరులో సైక్లోక్రాస్ సీజన్ మొదలవుతుంది. గడ్డి, మట్టి, బురద కోర్సు మీద చుట్లు తొక్కుతూ, అడ్డాలు వచ్చినచోట దిగి సైకిల్ ఎత్తుకుని ఉరికే రేసు ఇది. రేసు రిజిస్ట్రేషన్ పేజీ తెరిస్తే కేటగిరీ 4/5, మాస్టర్స్ 35+, మాస్టర్స్ 45+ (వయసు గుంపులు), సింగిల్‌స్పీడ్ (ఒకే గేరు సైకిళ్లు), ఓపెన్ (మెట్టు పట్టింపు లేనిది) అని బారెడు జాబితా. ఈ సమీక్ష ఆ పద్ధతి మీదే: అక్కడి సైక్లింగ్ సంఘం యూఎస్ఏ సైక్లింగ్ పెట్టిన 5 నుంచి 1 దాకా మెట్లు, వాటి పక్కనే నడిచే వయసు కేటగిరీలు. అయిదుకు నాలుగు మార్కులు ఇస్తున్నాం. పోయిన ఆ ఒక్క మార్కు మాస్టర్స్ దగ్గర పోయింది, దాని సంగతి కింద ఉంది.

మెట్ల వరకు లెక్క సూటిగా ఉంటుంది. అందరూ 5లో మొదలు. కొన్నిచోట్ల దీన్నే నోవిస్ అని రాస్తారు. పైన 1. కింది కేటగిరీల రేసు 30 నుంచి 40 నిమిషాలు, పైవాళ్లది గంట దాకా. రోడ్డు రేసు, మౌంటెన్ బైక్, సైక్లోక్రాస్ దేని కేటగిరీ దానిదే. రోడ్డు మీద 3లో ఉన్నా ఇక్కడ అది దానంతటదే రాదు. అనుభవం చూపించి పై మెట్టు అడగొచ్చు, కానీ అడగొద్దనే మా మాట. ఏడాది లైసెన్సు లేకుండా ఒక్కరోజు లైసెన్సుతో దిగేవాళ్లకు మామూలుగా దొరికేది కొత్తవాళ్ల కేటగిరీయే.

ఎందుకు అడగొద్దంటే, ఈ ఆటలో కాళ్ల బలం సగమే. హైదరాబాద్ హైవే మీద గంటకు 35 కిలోమీటర్లు తొక్కే రైడర్ కూడా మొదటి బారియర్ (దిగి దాటాల్సిన అడ్డుపలక) దగ్గరే పది మందికి దారి ఇచ్చేస్తాడు. అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం యూసీఐ నియమం ప్రకారం బారియర్ పలక ఎత్తు 40 సెంటీమీటర్లు మించదు, రెండు పలకల మధ్య దూరం కనీసం 4 మీటర్లు. దిగే తీరు ఇది. కుడికాలు సీటు వెనక నుంచి తిప్పి ఎడమ పక్కకు తేవాలి, ఎడమ పెడల్ మీదే నిలబడి రావాలి, కుడిచెయ్యి టాప్‌ట్యూబ్ (సీటుకు, హ్యాండిల్‌కు మధ్య ఉండే పై రాడ్) పట్టుకోవాలి. కుడికాలు నేలకు ఆనే ముందే ఎడమ బూటును పెడల్‌కు పట్టి ఉంచే క్లిప్ విడిపోవాలి. పడేవాళ్లంతా పడేది ఇక్కడే. నేల మీద కాలు పెట్టాక క్లిప్ తిప్పబోతారు, సైకిల్ ముందుకు పోతుంది, మనిషి మొహం మీద పడతాడు. క్లిప్ బిగువు మార్చే పెడల్ టెన్షన్ స్క్రూ బాగా వదులు చేసుకుంటే సగం బాధ తీరుతుంది.

విమానం ఎక్కకముందే కేటగిరీ తేల్చుకోవచ్చు, అందుకు మన నేలే చాలు. జూలై వానల్లో పంట వెయ్యని చెల్క ఒకటి చూసి, రైతును అడిగి, కిలోమీటరున్నర నుంచి రెండు కిలోమీటర్ల లూప్ గుర్తు పెట్టండి. 40 సెంటీమీటర్ల ఎత్తులో రెండు పీవీసీ పైపులు అడ్డం పెట్టండి. సైకిల్ భుజాన వేసుకుని ఎక్కాల్సిన గట్టు ఒకటి ఉండాలి. ఆగకుండా అరగంట తొక్కి ప్రతి లాప్ టైమ్ రాసుకోండి. చివరి లాప్ మొదటిదానికంటే పదిశాతం పైన నెమ్మదిస్తే, లేదా పైపుల దగ్గర ఒక్కసారైనా పూర్తిగా ఆగిపోతే, కేటగిరీ 5 తప్ప వేరే ఆలోచన వద్దు. లాప్‌లన్నీ దగ్గర దగ్గరగా ఉండి, ఆగకుండా దిగి ఎక్కుతుంటే 4/5 కలిపిన రేసులో ధైర్యంగా పేరు ఇవ్వండి. ఇది రూలు కాదు, మేం పెట్టుకున్న కొలత.

ఎర్ర చెల్కలో వాన నీళ్లు త్వరగా ఇంకిపోతాయి, టైరు పట్టు బాగుంటుంది. పత్తి వేసే నల్లరేగడి అలా కాదు. తడిస్తే ఫోర్క్‌కు, టైరుకు మధ్య ముద్దలా పేరుకుని చక్రమే తిరగదు. అక్కడ తొక్కేకంటే భుజాన వేసుకుని ఉరకడమే వేగం. రెండు నేలల్లోనూ సాధన చెయ్యండి, ఎందుకంటే అక్కడి రేసులు అక్టోబరులో దుమ్ముతో, డిసెంబరులో బురదతో ఉండొచ్చు. సర్కారు తుమ్మ ముల్లుతో జాగ్రత్త: 33 మిల్లీమీటర్ల ట్యూబ్‌లెస్ టైరుకు 60 మిల్లీలీటర్ల సీలెంట్ (చిల్లు పూడ్చే ద్రవం) పోసుకోవాలి. 65 కిలోల మనిషికి పొడి నేల మీద గాలి 25 నుంచి 28 పీఎస్ఐ, బురదలో 22 దాకా దించొచ్చు. ట్యూబు ఉన్న టైరులో అంత తక్కువ గాలి పెడితే రాయి తగలగానే రిమ్ము ట్యూబును కొరికేస్తుంది.

సైక్లోక్రాస్ సైకిల్ లేదని ఆగాల్సిన పని లేదు. యూసీఐ రేసుల్లోనే టైరు 33 మిల్లీమీటర్లు దాటకూడదు. స్థానిక రేసుల కింది కేటగిరీల్లో మౌంటెన్ బైక్‌తో దిగొచ్చు, హ్యాండిల్ చివర్లకు కొమ్ముల్లా ఉండే బార్ ఎండ్లు మాత్రం తీసెయ్యాలి. ఈ వెసులుబాటు ఈ పద్ధతిలో మాకు బాగా నచ్చింది.

ఇక మాస్టర్స్. ఇక్కడే మనవాళ్లు ఎక్కువ దెబ్బ తింటారు. నలభై దాటిన అన్నలు "పిల్లలతో మనకెందుకు, మన వయసువాళ్లతో పోదాం" అని 40+ ఎంచుకుంటారు. ఆ గుంపులో ఇరవై ఏళ్లుగా ఇదే ఆట ఆడుతున్నవాళ్లు, ఒకప్పటి కేటగిరీ 1 రైడర్లు ఉంటారు. కేటగిరీ 4 గెలిచినవాడు 40+లో సగం కిందికి పడిపోవడం వింతేమీ కాదు. వయసు చూసి తేలిక అనుకోవద్దు. రిజిస్ట్రేషన్‌లో "మాస్టర్స్ 40+ 4/5" అని వయసుతో పాటు మెట్టు కూడా రాసి ఉంటే అది మీకు సరైనది. ఉత్త "40+" అని ఉంటే మొదటి సీజన్‌కు వదిలెయ్యండి. రెండింటికీ పేర్లు ఒకేలా పెట్టి, తేడా కొత్తవాళ్లకు చెప్పకపోవడం ఈ పద్ధతిలో పెద్ద లోపం.

వయసు లెక్క కూడా చూసుకోండి. రేసు రోజుకు నిండిన వయసు కాదు, సీజన్ ముగిసే ఏడాదిలో నిండే వయసే లెక్క. 1991 నవంబరులో పుట్టిన రైడర్‌కు 2025 సెప్టెంబరులో నిండినవి 33 ఏళ్లే. కానీ 2025-26 సీజన్‌కు రేసింగ్ వయసు 35. 35+లో నిలబడే హక్కు ఉంటుంది.

లాప్ పడిపోతామన్న భయం, అంటే ముందున్నవాళ్లు ఒక చుట్టు ఎక్కువ తిరిగి మనల్ని దాటేస్తారన్న భయం, చాలామందికి ఉంటుంది. యూసీఐ రేసులో 80 శాతం నియమం ఉంది. ముందున్నవాడి మొదటి లాప్ 7 నిమిషాలైతే, అతనికి 5 నిమిషాల 36 సెకన్లు వెనకబడినవాళ్లను రేసు నుంచి తప్పిస్తారు. కింది కేటగిరీల్లో మామూలుగా ఇంత కఠినంగా ఉండరు, లాప్ పడినా చివరిదాకా తొక్కనిస్తారు. కానీ ఒకే కోర్సు మీద నిమిషం తేడాతో రెండు మూడు కేటగిరీలు వదులుతారు కాబట్టి, వెనక నుంచి వేగంగా వచ్చేవాళ్లు అరిస్తే మీరు పోతున్న దారి మార్చకుండా నేరుగా పోవాలి. బెదిరి పక్కకు తిప్పితే ఇద్దరూ పడతారు.

అమ్మాయిల రేసుల్లో రైడర్లు తక్కువ ఉంటే కేటగిరీలన్నీ కలిపి వదిలి, ఫలితాలు విడిగా ఇస్తారు. అప్పుడు కొత్తవాళ్లు మొదటి మలుపు దాకా వెనకే ఉండటం మంచిది.

పై మెట్లకు మామూలుగా పాయింట్లు కావాలి. అవి వచ్చిన స్థానాన్ని బట్టి, ఎంతమంది దిగారన్నదాన్ని బట్టి వస్తాయి. ఎక్కువ గెలిస్తే వద్దన్నా ఎక్కించేస్తారు, దిగాలంటే దరఖాస్తు పెట్టుకోవాలి. అందుకే తొందరపడి 3 అడగొద్దు. 4లో వరసగా ముందు అయిదుగురిలో వస్తూ, స్టార్ట్ దగ్గర మొదటి రెండు వరసల్లో చోటు దొరుకుతున్నప్పుడు అడగండి. వెనక వరస నుంచి మొదలైతే మొదటి ఇరుకు మలుపులోనే ఇరవై సెకన్లు పోతాయి, అవి తిరిగి రాబట్టడానికి సగం రేసు పడుతుంది.