మాఫ్ సెన్సర్‌కు మార్పులు దండగ, శుభ్రం చేస్తే చాలు

మాఫ్ (మాస్ ఎయిర్ ఫ్లో) సెన్సర్ అంటే ఇంజిన్‌లోకి వెళ్లే గాలి బరువును కొలిచే పరికరం. దానికి డబ్బు పెట్టి చేయించే మార్పుల వల్ల ఒరిగేదేమీ లేదు. బెంగళూరులో నేను నడిపే పాత కరోలా ఆల్టిస్, 1.8 లీటర్ల పెట్రోల్ బండి. రెసిస్టర్, నాబ్ ఉన్న పెట్టె, నూనె పూసిన కాటన్ ఫిల్టర్, వీటిని దానికి విడివిడిగా బిగించి, ఒక్కోదాన్ని నెలల తరబడి వాడి, ఇంజిన్ కంప్యూటర్ లెక్కలు చూపే స్కానర్‌లో అంకెలు చూశాకే ఈ మాట అంటున్నాను. మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో మారతహళ్లి నుంచి వైట్‌ఫీల్డ్ దాకా ఇలాంటి మార్పులతో పవర్, మైలేజీ పెరుగుతాయా అనే ప్రశ్న తరచూ వస్తుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఈ సెన్సర్ చేసే పని చూద్దాం. ఎయిర్ ఫిల్టర్ డబ్బా దాటగానే, గాలిని అదుపు చేసే థ్రాటిల్ బాడీకి వెళ్లే దారిలో ఉంటుంది. లోపల ప్లాటినం తీగ ఒకటి ఎప్పుడూ వేడిగా ఉండాలి. దాని మీదుగా గాలి వెళ్లినప్పుడు అది చల్లబడుతుంది, మళ్లీ అదే వేడికి తేవడానికి కరెంటు ఎక్కువ కావాలి. ఆ కరెంటును బట్టి ఇంజిన్‌లోకి ఎంత బరువు గాలి వెళ్తోందో ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, తెలుసుకుంటుంది. మామూలు పెట్రోల్ ఒక గ్రాము పూర్తిగా మండాలంటే 14.7 గ్రాముల గాలి కావాలి. ఆ లెక్క ప్రకారం పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లు తెరుచుకుంటాయి. నా బండి ఐడిల్‌లో సెకనుకు 2 గ్రాములకు కాస్త పైన పీలుస్తుంది. పూర్తిగా తొక్కితే 100 దరిదాపులకు వెళ్తుంది.

అంటే ఇది తూకం వేసే తక్కెడ మాత్రమే. తూకం రాళ్లు మార్చినంత మాత్రాన బస్తాలో బియ్యం పెరగవు. ఇంజిన్ పీల్చే గాలి పెరిగితేనే పవర్ పెరుగుతుంది. సెన్సర్ సిగ్నల్‌ను అటూ ఇటూ చేస్తే ఆ గాలి ఒక్క గ్రాము కూడా పెరగదు.

ఇక్కడ అమ్మేవాళ్లు ఎక్కువగా వాడే మాట ఒకటుంది: "బెంగళూరు ఎత్తులో ఉంది సార్, గాలి పలచన, కంపెనీ సెట్టింగ్ ఇక్కడ పనికిరాదు." మొదటి సగం నిజమే. ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, చెన్నై గాలితో పోలిస్తే ఇక్కడి గాలి దాదాపు 8 శాతం పలచన. నేను చిత్తూరు వెళ్లేటప్పుడు పలమనేరు దాటి మొగిలి ఘాట్ దిగేసరికి బండి కాస్త చురుగ్గా లాగుతుంది, కారణం ఇదే. రెండో సగం మాత్రం తప్పు. మాఫ్ సెన్సర్ కొలిచేదే గాలి బరువు. గాలి పలచబడితే అది తక్కువ బరువే చూపిస్తుంది, పెట్రోల్ దానంతట అదే తగ్గుతుంది. ఎత్తుకు తగ్గట్టు సర్దుకోవడం దాని పుట్టుకలోనే ఉంది.

ఇక నాబ్ ఉన్న పెట్టె. సెన్సర్ సిగ్నల్ వైరును మధ్యలో కోసి దీన్ని కలుపుతారు. నాబ్ తిప్పితే ఈసీయూకు వెళ్లే వోల్టేజీ కాస్త తగ్గుతుంది. గాలి తక్కువగా వస్తోందనుకుని ఈసీయూ పెట్రోల్ తగ్గిస్తుంది, మైలేజీ పెరుగుతుంది, అని ఒప్పిస్తారు. మొదట్లో పెరిగినట్టే అనిపిస్తుంది. కానీ సైలెన్సర్ వైపు ఆక్సిజన్ సెన్సర్ కాపలా ఉంటుంది. పొగలో ఆక్సిజన్ మిగిలిపోతోందని అది చెప్పగానే ఈసీయూ తగ్గించిన పెట్రోల్‌ను మళ్లీ కలుపుతుంది. ఈ దిద్దుబాటునే ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. బ్లూటూత్ ఓబీడీ స్కానర్ పెట్టి ఫోన్‌లో చూస్తే కళ్లముందే కనిపిస్తుంది: పెట్టె లేనప్పుడు నా బండి లాంగ్ టర్మ్ ట్రిమ్ (ఈసీయూ నేర్చుకుని గుర్తుంచుకునే దిద్దుబాటు) 2, 3 శాతం దగ్గర ఉండేది, నాబ్ తిప్పాక మెల్లగా ఎక్కి 12 దాటింది. పెట్టె ఎంత కోసిందో ఈసీయూ సరిగ్గా అంత తిరిగి పోసింది. ట్యాంకు నింపించి నింపించి చూసినా మైలేజీలో తేడా లేదు. నాబ్ ఇంకాస్త తిప్పితే చెక్ ఇంజిన్ లైట్ వెలిగి పీ0171 కోడ్ వచ్చింది. మిశ్రమం పలచబడింది, ఇక నేను సర్దలేను అని ఈసీయూ చేతులెత్తేసిందన్నమాట.

మైలేజీ పెరగకపోవడం ఒక్కటే అయితే ఊరుకోవచ్చు. అసలు గొడవ స్పార్క్ టైమింగ్‌తో, అంటే ప్లగ్ నిప్పు రవ్వ ఎప్పుడు వేయాలనే లెక్కతో. ఇంజిన్ మీద ఎంత లోడు ఉందో ఈసీయూ లెక్కవేసేది ఈ గాలి బరువును బట్టే. గాలి తక్కువని అబద్ధం చెబితే లోడు తక్కువనుకుని స్పార్క్‌ను ముందుకు జరుపుతుంది. ఫ్లైఓవర్ ఎక్కుతూ ఏసీతో, నలుగురు మనుషులతో గట్టిగా తొక్కినప్పుడు డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు చిటపట వినిపిస్తుంది. అదే నాకింగ్, అంటే సిలిండర్‌లో పెట్రోల్ అదుపు తప్పి మండడం. నాక్ సెన్సర్ వెంటనే టైమింగ్ వెనక్కి లాగుతుంది, పికప్ పడిపోతుంది.

దీనికి ఇప్పుడు ఇ20 కూడా తోడైంది. 2025 నాటికి దాదాపు అన్ని బంకుల్లోనూ ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే వస్తోంది. దీనికి గ్రాముకు 13.5 గ్రాముల గాలి చాలు, అంటే అదే గాలికి పెట్రోల్ ఎక్కువ కావాలి. పాత బండ్లలో ట్రిమ్ ఇప్పటికే దీనివల్ల పైకి జరిగి ఉంటుంది. దాని మీద ఈ పెట్టె కూడా పెడితే ఈసీయూ దగ్గర మిగిలిన కాస్త వెసులుబాటు కూడా పోతుంది. పాత పెట్రోల్ బండి ఉన్నవాళ్లు ఈ ఒక్క సంగతి మాత్రం తప్పకుండా గుర్తు పెట్టుకోవాలని నా కోరిక.

రెసిస్టర్ సంగతి చిన్నదే. నా బండిలాంటి వాటిలో గాలి వేడిని కొలిచే సెన్సర్ కూడా మాఫ్ సెన్సర్‌లోనే ఉంటుంది, అందుకే కనెక్టర్‌కు ఐదు పిన్నులు. ఆ వేడి సెన్సర్ స్థానంలో కొన్ని కిలోఓమ్‌ల రెసిస్టర్ పెట్టి, రెండు మూడు రూపాయల ఆ ముక్కను పర్ఫార్మెన్స్ చిప్ అని అమ్ముతారు. దాంతో ఏ కాలంలోనైనా గాలి చల్లగా ఉందనే ఈసీయూ అనుకుంటుంది. సిల్క్ బోర్డ్ దగ్గర ఆగి ఆగి కదిలేటప్పుడు బానెట్ కింద గాలి 50 డిగ్రీలు దాటుతుంది. ఆ సమయంలో ఇంజిన్ జాగ్రత్త పడాలంటే ఆ అంకె నిజంగా దానికి అందాలి. నేనైతే దీన్ని ఎవరికీ సిఫారసు చేయను, ఉచితంగా ఇచ్చినా సరే.

కాటన్ ఫిల్టర్ కొంత నయం. చప్పుడు బాగుంటుంది, పూర్తిగా తొక్కినప్పుడు ఇంజిన్ గొంతు విప్పుతుంది. అయితే నూనె కాస్త ఎక్కువైనా ఆ తుంపర వెళ్లి వేడి తీగకే అంటుకుంటుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద మెట్రో పనుల దుమ్ము తెలిసిందే కదా. నూనె, దుమ్ము కలిసి తీగ మీద పొరలా పేరుకుంటే గాలి తగిలినా అది సరిగా చల్లబడదు, హైవే మీద గాలిని తక్కువ చూపిస్తుంది. మామూలు పేపర్ ఫిల్టర్‌కు తిరిగి వచ్చాను, అలాగే ఉంచాను.

డబ్బుకు తగిన ఫలితం ఇచ్చింది ఒక్కటే: సెన్సర్‌ను తీసి శుభ్రం చేయడం. పది నిమిషాల పని. ఇంజిన్ చల్లారాక, కీ ఆఫ్‌లో కనెక్టర్ ఊడదీసి, రెండు స్క్రూలు విప్పి, సెన్సర్‌ను నిటారుగా పైకి లాగాలి. వెలుతురులో పట్టుకుని చూస్తే సన్నటి దారిలో, వెంట్రుకలాంటి తీగల మీద చిన్న గాజు పూసలాంటి ముక్క కనిపిస్తుంది. ఒకసారి విప్పినప్పుడు దాని మీద బూడిదరంగు నూగు ఉంది, ఒక పక్క సన్నటి పీచు ఒకటి అంటుకుని ఉంది. వేలు పెట్టకూడదు, బడ్స్ పెట్టకూడదు, పెట్రోల్ బంకులో గాలి కొట్టించకూడదు. మాఫ్ క్లీనర్ అని విడిగా దొరికే స్ప్రేనే వాడాలి, జేసీ రోడ్డులో స్పేర్ పార్టుల షాపుల్లో అడిగితే ఇస్తారు. కార్బ్యురేటర్ క్లీనర్ వద్దు, ప్లాస్టిక్‌ను, తీగ మీది పూతను పాడుచేస్తుంది. దూరం నుంచి కొద్ది కొద్దిగా కొట్టి, పూర్తిగా ఆరనిచ్చి, రబ్బరు రింగు మడత పడకుండా బిగించాలి. ఆ రింగు దగ్గర సందు ఉంటే కొలవని గాలి లోపలికి పోయి మళ్లీ మొదటికొస్తుంది. శుభ్రం చేశాక హైవే మీద ఎక్కువగా ఉన్న ట్రిమ్ దిగింది, సిగ్నల్ దగ్గర ఐడిల్‌లో వచ్చే వణుకు పోయింది.

మా బావమరిది పాత డీజిల్ స్విఫ్ట్ కొనుక్కున్నాడు. "బావా, మాఫ్ ప్లగ్ పీకేస్తే పికప్ భలే ఉంటుందంట" అన్నాడు. డీజిల్ బండ్లలో ఈ సెన్సర్ ముఖ్యంగా ఈజీఆర్ (పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే కవాటం) ఎంత తెరవాలి, నల్ల పొగ రాకుండా డీజిల్ హద్దు ఎంత అనే లెక్కకు పనికొస్తుంది. పీకేస్తే ఈసీయూ ఊహించుకున్న అంకెతో నడుస్తుంది. కొందరికి చురుగ్గా అనిపించేది అదే. వాడి సెన్సర్‌కూ శుభ్రం చేయడమే మందైంది.

చాలా చిన్న పెట్రోల్ బండ్లలో అసలు మాఫ్ సెన్సరే ఉండదు. సిలిండర్లకు గాలి పంచే మ్యానిఫోల్డ్‌లో ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సర్‌తో లెక్క నడుస్తుంది. పెట్టె కొనే ముందు బానెట్ ఎత్తి అది కూడా చూసుకోండి. టర్బో మార్చి, ఇంజెక్టర్లు మార్చి నిజంగానే గాలి పెంచుకున్నవాళ్లకు పెద్ద సైజు మాఫ్ అవసరం పడొచ్చు. అప్పుడు ఈసీయూలో దాని పట్టిక కూడా మార్చి రాయించాలి, లేదంటే కొత్త గొట్టం వెడల్పుకు పాత లెక్క కుదరదు.

శుభ్రం చేసినా ట్రిమ్ దిగకపోతే వెంటనే సెన్సర్ మార్చేయకండి. ఒక గ్యారేజీలో నాకు నేరుగా కొత్త సెన్సర్ వేసేద్దామన్నారు. తీరా చూస్తే సెన్సర్ తర్వాత ఉండే రబ్బరు గొట్టం మడతలో సన్నగా చీలి ఉంది. గొట్టాన్ని చేత్తో వంచి చూస్తే తప్ప కనిపించలేదు. నిజంగా కొత్తది వేయాల్సి వస్తే కంపెనీ పార్ట్ నంబర్ సరిచూసుకుని కొనండి. నకిలీల్లో తీగ స్పందన నెమ్మదిగా ఉంటుంది, ఒక్కసారిగా తొక్కినప్పుడు బండి తడబడుతుంది. బిగించాక స్కానర్‌తో పాత ట్రిమ్‌లు చెరిపించుకోండి, లేకపోతే కొత్త సెన్సర్ మీద పాత దిద్దుబాటు కొన్నాళ్లు నడుస్తుంది.