డబుల్ స్టాండు కోసమే ఈ బండిని వదులుకోలేకపోతున్నాను

ఇంజను ఎంత, మైలేజీ ఎంత, ట్యాంకులో ఎన్ని లీటర్లు పడతాయి లాంటివి 350 సీసీ బండి కొనాలనుకునే ప్రతివాళ్ళకీ తెలిసినవే. వాటి జోలికి పోను. అమలాపురం నుంచి బయల్దేరి ఏళ్ళ తరబడి దీని మీద దూరాలు తిరిగాక నాకు చెప్పాలని ఉన్నది ఒక్క డబుల్ స్టాండు గురించే. ఇప్పుడొస్తున్న చాలా బళ్ళకి అది ఇవ్వడం లేదు. బరువు తగ్గుతుందంటారు, చూడ్డానికి బాగుంటుందంటారు. షోరూంలో నిలబడి చూస్తే నిజమే అనిపిస్తుంది. ఊరుగాని ఊళ్ళో తెల్లవారుజామున చెయిన్ దగ్గర కూర్చున్నప్పుడు మాత్రం ఆ మాట గుర్తొస్తే ఒళ్ళు మండుతుంది.

మాది బల్లపరుపు నేల. కాలవ గట్టు, కొబ్బరితోట, చేపల చెరువు, మళ్ళీ కాలవ గట్టు. రాజమండ్రి దాటి గోకవరం మీదుగా రంపచోడవరం చేరేదాకా కొండ అన్నది దగ్గర్లో కనబడదు. మారేడుమిల్లి ఘాట్‌లో మొదటి మలుపుకి రెండో గేరు వేసినప్పుడు కలిగే సంతోషం, కొండల్లో పుట్టినవాళ్ళకి తెలుస్తుందో లేదో నాకు అనుమానమే. ఇంకో సంగతి కూడా ఉంది. చింతూరు దగ్గర శబరి వంతెన మీద బండి ఆపుతాను. జగదల్‌పూర్ దాటి చిత్రకోట్ వెళితే అక్కడ ఇంద్రావతి దూకుతూ ఉంటుంది. రెండూ గోదావరిలో కలిసేవే. త్రయంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచి మా అంతర్వేది దగ్గర సముద్రంలో పడే నీళ్ళకి ఎదురు వెళుతున్నానన్న ఊహే నన్ను ఎండలో కూడా ముందుకి నడిపిస్తుంది. కారులో ఇది దొరకదని అనను గానీ, వంతెన మధ్యలో కారు ఎవరు ఆపనిస్తారు?

ఇలాంటి ప్రయాణాల్లో రోజూ తప్పని పని చెయిన్. ఐదొందల కిలోమీటర్లకోసారి నూనె పట్టించాలి, వాన పడితే ఇంకా ముందే. మా వైపు రోడ్ల సంగతి చెప్పక్కర్లేదు. చెరువుల దగ్గర ట్రాక్టర్లు ఈడ్చుకొచ్చిన బురద ఒకపక్క, కోతలప్పుడు రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, దాంతోపాటు గడ్డి ఇంకోపక్క. ఆ గడ్డిపోచలు వెనక స్ప్రాకెట్ (చెయిన్ ఎక్కే పళ్ళచక్రం) లోపలికి దూరి గట్టిగా చుట్టుకుంటాయి. సైడ్ స్టాండు మీదున్న బండికి అవి తీయాలంటే జానెడు ముందుకి తోసి, వంగి, మళ్ళీ తోసి, మళ్ళీ వంగాలి. డబుల్ స్టాండు వేస్తే ఇంజను ఆపి, గేరు న్యూట్రల్లో పెట్టి, చక్రాన్ని ఒక వేలితో తిప్పుతూ కూర్చోవచ్చు. చెయిన్ కింది వరస లోపలి వైపున, పలకకీ పలకకీ మధ్య ఒక్కొక్క చుక్క దిగుతుంటే గరగరమనే చప్పుడు మెల్లగా తగ్గిపోతుంది. లాడ్జి బయట టీ కొట్టు తెరవకముందు నేను చేసే పని ఇదే. రోజంతా బండి మీద కలిగే నమ్మకం అక్కడే మొదలవుతుంది.

సఖినేటిపల్లి దగ్గర గోదావరి దాటించే నరసాపురం పంటు ఎక్కినప్పుడూ దీని విలువ తెలుస్తుంది. పక్కకి ఒరిగి నిలబడ్డ బండికి ఒకటిన్నర బండి చోటు కావాలి. నాది నిటారుగా నిలబడుతుంది కాబట్టి పక్కవాళ్ళు హేండిల్ తగులుతోందని గొడవ పడరు.

అసలు కథ మారేడుమిల్లి, చింతూరు మధ్య ఘాట్‌లో జరిగింది. వాన వెలిసి రోడ్డు ఇంకా తడిగానే ఉంది. మలుపు తిరుగుతుంటే వెనక చక్రం అటూ ఇటూ జారినట్టయింది. తిన్నని రోడ్డు వచ్చేదాకా నెమ్మదిగా పోనిచ్చి ఆపి చూస్తే టైరు నేలకి అతుక్కుపోయి ఉంది. ఇవి స్పోక్ వీల్స్, లోపల ట్యూబు. ఫోన్‌కి సిగ్నల్ లేదు. సంచుల్లో కొత్త ట్యూబు, టైరు లివర్లు, పానాలు, చేతి పంపు ఉన్నాయి గనక టెన్షన్ పడలేదు.

గాలి పోయిన టైరుతో బండి కిందికి దిగిపోతుంది. అప్పుడు డబుల్ స్టాండు వెయ్యడానికి మామూలు కంటే చాలా బలం కావాలి. అందుకని సామాను దించేసి, ఒక పలచటి రాయి వెతికి దాని మీదికి వెనక చక్రం ఎక్కించాను. యాక్సిల్ నట్టుని ముందే వదులు చేసుకున్నాను. స్టాండు మీద నిలబెట్టాక దాన్ని బలంగా తిప్పితే బండి ఊగుతుంది. తర్వాత స్టాండు కాడ మీద కుడికాలు పెట్టి ఒళ్ళంతా దాని మీద వేస్తే, ఒక్క ఊపుతో బండి లేచి నిలబడింది. బ్రేకు రాడ్డు నట్టు విప్పి, చెయిన్ దించి, యాక్సిల్ లాగేశాను. మడ్‌గార్డు ఇరుకు కావడంతో చక్రం మాత్రం బయటికి రాలేదు. ఇంతలో బైకు మీద వెళుతున్న ఇద్దరు కుర్రాళ్ళు ఆగారు.

"పంచరా సార్? షాపంటే చింతూరులోనే."

"అక్కర్లేదు తమ్ముడూ, బండిని కొంచెం ఇటు వంచి పట్టుకో చాలు."

ఒకతను వంచి పట్టుకున్నాడు, చక్రం జారి నా చేతుల్లోకి వచ్చింది. టైరు లోపల గుడ్డతో తుడుస్తూ పోతే ఒకచోట గుడ్డ తగులుకుంది. తల అరిగిపోయిన మేకు. దాన్ని పీకి, కొత్త ట్యూబు వేసి, టైరు అంచుకి సబ్బునీళ్ళు రాసి ఎక్కించాం. గాలి కొట్టే పని రెండో కుర్రాడు తీసుకున్నాడు. చక్రం బిగించాక దానికి రెండువైపులా ఉండే చెయిన్ బిగింపు గుర్తులు సమానంగా ఉన్నాయో లేదో చూసుకుని, గాలిలోనే చక్రం తిప్పి చూశాను. చీకటి పడకముందే చింతూరు చేరాను. డబ్బులిస్తే కుర్రాళ్ళు వద్దన్నారు. సంచిలో ఉన్న ఆత్రేయపురం పూతరేకులు మాత్రం తీసుకున్నారు.

ఆ రోజు నుంచి నాకు ఈ స్టాండు మీద అభిమానం పెరిగింది, నిజమే. కానీ అదే అలాయ్ వీల్స్, ట్యూబ్‌లెస్ టైరు అయితే చక్రం విప్పే పనే ఉండేది కాదు, బయటి నుంచే ప్లగ్ పొడిచి గాలి కొట్టుకుంటే సరిపోయేది. కింద వేలాడే ఇనుము కాబట్టి, వెనక మనిషి కూర్చుని రెండువైపులా సంచులుంటే మా ఊళ్ళలోని ఎత్తు స్పీడు బ్రేకర్లకి ఇది గీరుకుంటుంది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది. పొద్దున్నే నిండు సామానుతో దీన్ని వెయ్యడం నా వల్ల కాదు, ముందు సంచులు దించాల్సిందే. వాన పడ్డ ఒండ్రు మట్టిలో దీని కాళ్ళు కూడా దిగబడతాయి. కాకపోతే సైడ్ స్టాండుకి ఒక కొబ్బరి డొక్క పెడితే సరిపోయేది, దీనికి రెండు కావాలి.

సముద్రపు గాలి సంగతి వేరే. ఓడలరేవు, అంతర్వేది వైపు ఎక్కువ తిరగడం వల్ల కాబోలు, స్టాండు స్ప్రింగు తుప్పు పట్టి ఒకసారి తెగింది. స్ప్రింగు లేకపోతే స్టాండు రోడ్డు మీద ఈడ్చుకుంటూ వస్తుంది, మలుపులో అది చాలా ప్రమాదం. కొబ్బరి తాడుతో ఫుట్‌రెస్టుకి కట్టేసి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఇప్పుడు ప్రతి సర్వీసులోనూ స్టాండు ఇరుసుకి గ్రీజు పెట్టమని దగ్గరుండి చెబుతాను.

నేను ఎక్కువగా ఒంటరిగానే వెళతాను, సామాను తక్కువ, అడవి దారులంటే ఇష్టం, మోకాళ్ళు ఇంకా సహకరిస్తున్నాయి. నాకిది కుదిరింది. ట్యూబ్‌లెస్ టైర్లున్న బండి మీద హైవేలో విశాఖపట్నం దాకా వెళ్ళొచ్చేవాళ్ళకి, రోజూ వెనక పిల్లల్నీ పెద్దల్నీ కూర్చోబెట్టుకునేవాళ్ళకి ఇది ఉన్నా లేకపోయినా తేడా తెలియకపోవచ్చు. మీ బండికి విడిగా బిగించే స్టాండు దొరికితే, బిగించాక వెనక ఒకర్ని కూర్చోబెట్టుకుని ఇంటి దగ్గరి స్పీడు బ్రేకరు ఎక్కించి చూడండి. స్ప్రింగు ఇంకొకటి అప్పుడే కొని పనిముట్ల సంచిలో పడేయండి.