సెంటు కొనడానికి పాత అత్తరు కొట్టు మేలా, కొత్త అద్దాల దుకాణమా?

ఏ సెంటు కొనమంటారని అడిగేవారికి నేను ముందు పేర్లేమీ చెప్పను. ఎక్కడ కొనబోతున్నారని అడుగుతాను. దుకాణాన్ని బట్టి పరిమళాన్ని చూసే తీరే మారిపోతుంది.

మెరిసే అద్దాల దుకాణంలో కాగితపు పట్టీ మీద చిమ్మి చేతికిస్తారు. ముక్కుకు మొదట తగిలేది నిమ్మ, నారింజ జాతి వాసన. తేలిగ్గా ఆవిరయ్యే పదార్థాలు కనుక అవి పావుగంటకే చాలావరకు ఎగిరిపోతాయి. తర్వాత పూల వాసన పైకి వస్తుంది. గంటలు గడిచాక మిగిలేది అడుగున ఉన్న చెక్క, బంక, కస్తూరి వాసనలే. అంటే మనం డబ్బు కట్టేది మొదటి పావుగంట చూసి, రోజంతా మోసేది చివరి వాసనను. నేనూ ఒకసారి అలాగే తొందరపడి కొన్నాను. మధ్యాహ్నం చల్లగా తోచిన ఆ సీసా సాయంత్రానికి తలనొప్పి తెచ్చే తీపిగా మారింది. ఆ పట్టీకి ఒంటి వేడి ఉండదు, చర్మపు జిడ్డు ఉండదు. మన ఒంటి మీద ఏమవుతుందో అది చెప్పలేదు.

పాత కొట్టులో కొనడం ఇంత త్వరగా తెమలదు. గాజు బిరడాల సీసాలు వరసగా ఉంటాయి. కొట్టాయన ముందు మాట్లాడతాడు: మీకేనా, ఎవరికైనా ఇవ్వడానికా? పగలు పూయడానికా, రాత్రికా? మల్లె ఇష్టమా, మొగలి ఇష్టమా? తర్వాత గాజు పుల్లతో మణికట్టు మీద ఒక్క చుక్క రాస్తాడు. మంచి కొట్టాయనైతే మూడు నాలుగు పరిమళాలు దాటాక తనే ఆపేస్తాడు, ఎందుకంటే అప్పటికే ముక్కు మొద్దుబారి ఉంటుంది. కాఫీ గింజలు వాసన చూస్తే ముక్కు తేరుకుంటుందని చాలా చోట్ల గిన్నెలో పెడతారు కానీ, మామూలు గాలి పీల్చినా అంతే ఫలితమని ప్రయోగంలో తేలింది. వీధిలోకి వెళ్లి కాసేపు నిలబడి రండి, చాలు.

ఇక సరుకు సంగతి. అత్తరుకు పేరుమోసిన ఉత్తరప్రదేశ్ పట్టణం కన్నౌజ్‌లో ఇప్పటికీ డేగ్ అనే పెద్ద రాగి పాత్రలో పూలూ నీళ్లూ పోసి, మూతకు మట్టితో సీలు వేసి, కింద మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టం గుండా, నీటి తొట్టెలో ఉంచిన భప్కా అనే మరో పాత్రలోకి దిగుతుంది. భప్కాలో ముందే పోసి ఉంచిన గంధపు నూనె ఆ పరిమళాన్ని పట్టి ఉంచుకుంటుంది. కొత్త పూలతో ఇలా రోజుల తరబడి చేస్తారు. కాల్చిన మట్టిని బట్టీ పట్టి తొలకరి వాసనను సీసాలోకి దించేదీ అక్కడే. దాన్ని మొదటిసారి వాసన చూసినవారి ముఖం చూడటం నాకెంతో ఇష్టం.

అత్తరుకు ఆధారం నూనె కనుక ఒంటిని అంటిపెట్టుకుని మెల్లగా విడుదలవుతుంది, దగ్గరకు వచ్చినవారికే తెలుస్తుంది. స్ప్రేలో ఎక్కువ భాగం ఆల్కహాలు. పలచని రకమైన కొలోన్‌లో పరిమళ తైలం సుమారు 2 నుంచి 5 శాతం ఉంటే, గాఢమైన రకమైన ఓ ద పర్ఫ్యూమ్‌లో 15 నుంచి 20 శాతం దాకా ఉంటుంది. ఆల్కహాలు ఎగిరిపోతూ వాసనను గదంతా పరుస్తుంది. తెల్లబట్టలు వేసుకునేవారికి స్ప్రే నయం, అత్తరు నూనె మరక చేస్తుంది. నాకోసమైతే అత్తరే తీసుకుంటాను.

పాత కొట్టుకు ఒక పెద్ద లోపం ఉంది, దాన్ని దాచను. విడిగా పోసిచ్చే సీసా మీద ఏం కలిపారో రాసి ఉండదు. గంధపు నూనె ఖరీదు పెరగడంతో చాలా అత్తర్లకు ఇప్పుడు పారఫిన్ లాంటి చవక నూనెలే ఆధారం. కారు చవకగా ఇస్తూ అసలైన గులాబీ అత్తరంటే నమ్మకండి. ఒక కిలో గులాబీ తైలానికి మూడు నాలుగు టన్నుల రేకులు కావాలి. చర్మం దద్దుర్లెక్కే వారికి మాత్రం నా ఓటు కొత్త దుకాణానికే. ఐరోపా సమాఖ్య నియమాల ప్రకారం, అలర్జీ కలిగించేవిగా జాబితాలో ఉన్న పరిమళ పదార్థాలు నిర్ణీత మోతాదు మించితే, ఆ దేశాల్లో అమ్మే డబ్బా మీద వాటి పేర్లు ఉండి తీరాలి. అలాంటి వివరమున్న సీసానే వారు ఎంచుకోవాలి.

ఆన్‌లైన్లో కొనడం అప్పటికే వాడి, నచ్చినదాన్ని మళ్లీ తెప్పించుకోవడానికి పనికొస్తుంది, అంతే.

మిగిలినవారు పాత కొట్టుకే వెళ్లండి, ఉదయం పూట, ఒంటికి ఏమీ రాసుకోకుండా. ఒక్కో చేతికి ఒకటి చొప్పున రాయించుకుని, ఏదీ కొనకుండా ఇంటికి వచ్చేయండి. రాత్రి పడుకునే ముందు మణికట్టు ఒకసారి వాసన చూడండి. అప్పటికీ నచ్చితే మర్నాడు వెళ్లి అన్నిటికన్నా చిన్న సీసా తెచ్చుకుని, వెలుతురు తగలని అలమరలో పెట్టుకోండి.