పెమ్మికన్ రివ్యూ: ఎడ్మంటన్ చలిలో బయట పనిచేసేవాళ్లకి

కెనడాలో, ఎడ్మంటన్‌లో ఉంటూ చలికాలంలో బయట పనిచేసే మనవాళ్ల కోసం రాస్తున్నా, ఆఫీసులో హీటర్ పక్కన కూర్చునేవాళ్లకి దీంతో పెద్దగా పనిలేదు. శనివారం ఫార్మర్స్ మార్కెట్‌లో ఒక మేటీ (ఇక్కడి ఆదివాసీలు, యూరోపియన్లు కలిసి ఏర్పడిన జాతి) కుటుంబం బైసన్ (ఇక్కడి అడవిదున్న) మాంసంతో పెమ్మికన్ చేసి అమ్ముతున్నారు, ఈ చలికాలం అంతా సైట్ మీద నా జాకెట్ లోపలి జేబులో ఉన్నది అదే.

ఏంటిదంటే, మాంసం పలచగా కోసి పెళపెళలాడేలా ఎండబెట్టి, పొడి కొట్టి, కరిగించిన కొవ్వు పోసి ముద్ద చేస్తారు, కొన్నిట్లో సాస్కటూన్ బెర్రీలు కూడా వేస్తారు. అచ్చం మనం సున్నుండలు కట్టినట్టే, మినప్పిండి బదులు మాంసం పొడి, నెయ్యి బదులు కొవ్వు. విరిచి చూస్తే ముదురు రంగు పీచుల మధ్య తెల్లగా పేరుకున్న కొవ్వు కనిపిస్తుంది. నోట్లో పెట్టుకోగానే ఏ రుచీ తెలీదు, కొవ్వు కరగడం మొదలయ్యాక మాంసం రుచి, ఆఖర్న బెర్రీ పులుపు. కారం అస్సలు ఉండదు, నేనైతే కాస్త కారప్పొడి అద్దుకుంటా.

నాకు బాగా నచ్చింది ఏంటంటే కొవ్వు విషయంలో పిసినారితనం చెయ్యలేదు, పాత పద్ధతిలో సగానికి సగం వేశారు. షాపుల్లో దొరికే జెర్కీలు (ఎండుమాంసం ముక్కలు), ప్రొటీన్ బార్లు కొవ్వు తక్కువ అని పెద్దక్షరాలతో వేసుకుంటాయి కదా, మైనస్ 30లో నాకు కావాల్సింది అది కాదండీ! కొవ్వు గ్రాముకి 9 కేలరీలు, ప్రొటీన్ గానీ పిండి పదార్థం గానీ 4, పైగా కొవ్వు నెమ్మదిగా అరుగుతుంది. జెర్కీ తిన్నరోజు గంటకే మళ్లీ ఆకలి, ఇది చిన్న ముక్క తింటే లంచ్ దాకా కడుపు నిండుగా ఉంటుంది.

ఒట్టి మాంసం తింటే చాలదా అనేవాళ్లకి ఒక సంగతి చెప్పాలి. ఉత్తరాన కుందేళ్లు తప్ప ఇంకేం దొరకని రోజుల్లో జనం కడుపునిండా తింటూనే నీరసించిపోయేవాళ్లు, ఎందుకంటే కుందేలు మాంసంలో కొవ్వు దాదాపు ఉండదు, ఒట్టి ప్రొటీన్‌ని కాలేయం ఒక హద్దు వరకే తట్టుకోగలదు. ఆర్కిటిక్‌లో అక్కడి ఆదివాసులు ఇన్యూట్‌లతో ఏళ్లపాటు ఉన్న అన్వేషకుడు స్టెఫాన్సన్ 1928లో న్యూయార్క్ బెల్‌వ్యూ ఆస్పత్రిలో డాక్టర్ల ఎదుటే మాంసం మీదే బతికి చూపించాడు, మొదట కొవ్వు తీసేసిన మాంసం పెడితే కొద్దిరోజులకే వికారం, విరేచనాలు పట్టుకున్నాయి, కొవ్వు ఇవ్వగానే కుదుటపడ్డాడు, ఆ తర్వాత ఏడాదిపాటు మాంసం, కొవ్వుతోనే బాగానే ఉన్నాడు.

ఇక ఈ దేశంలో బొచ్చు తోళ్ల వ్యాపారం పడవలు నడిచిందే పెమ్మికన్ మీద, పడవవాళ్ల తిండి అదే. 1814లో రెడ్ రివర్ అనే వలస కాలనీ గవర్నర్ దీన్ని బయటికి పోనివ్వనని ఆర్డర్ వేస్తే మేటీలతో గొడవలు ముదిరి 1816లో సెవెన్ ఓక్స్ దగ్గర కాల్పుల దాకా వెళ్లింది. మేటీలు బైసన్ వేటాడి, పెమ్మికన్ చేసి అమ్ముకుని బతికినవాళ్లు, వాళ్ల దగ్గరే కొనడం నాకు అందుకే ఇంకా ఇష్టం.

కొనేముందు కొన్ని చూసుకోండి. ధర ఎక్కువే. కొన్ని చోట్ల బైసన్ కొవ్వు సరిపోక ఆవు కొవ్వు కలుపుతారు, తిననివాళ్లు ముందే అడగండి. జాకెట్ బయటి జేబులో పెడితే రాయిలా గడ్డకడుతుంది, ఒంటికి దగ్గరగా పెట్టుకోండి. వణుకు మొదలయ్యాక మాత్రం దీన్ని నమ్ముకోవద్దు, ముందు లోపలికి వెళ్లి వేడిగా, తియ్యగా ఏదైనా తాగండి. శాకాహారులైతే నెయ్యి బాగా వేసిన సున్నుండలు, వేరుశనగలు, ఎండుకొబ్బరి దగ్గర పెట్టుకోండి, అవీ బాగా పనిచేస్తాయి. కొలెస్ట్రాల్ మందులు వాడేవాళ్లు డాక్టర్‌ని అడిగాకే.

బెర్రీలు వేసింది తొందరగా అయిపోతుంది, పొద్దున్నే వెళ్లండి.