వారాంతం వర్క్‌షాప్, దాంతోపాటే డెమో రీల్: ఈ ప్యాకేజీ ఎవరికి పనికొస్తుంది?

రెండు రోజులు వాయిస్ యాక్టింగ్ పాఠాలు, రెండో రోజు సాయంత్రానికల్లా చేతిలో డెమో రీల్, అంటే పని ఇచ్చేవాళ్లకు వినిపించే మీ గొంతు నమూనాల ఆడియో. చాలా స్టూడియోలు అమ్ముతున్న ప్యాకేజీ ఇదే. పాఠాల వరకు వంక పెట్టడానికేమీ లేదు. మైక్‌కి ఎంత దూరంలో నిలబడాలి, వాక్యం ఎక్కడ విరవాలి, ఊపిరి ఎక్కడ తీసుకోవాలి అన్నవి రెండు రోజుల్లో తెలుస్తాయి. అవి అలవాటుగా మారడానికి మాత్రం నెలలు పడుతుంది. చిక్కంతా రీల్‌తోనే.

ఇలాంటి రీల్స్‌లో తరచూ వినిపించే లోపం, అన్నిటికీ ఒకే రాగం. బ్యాంకు ప్రకటనైనా, పసిపిల్లల సబ్బు ప్రకటనైనా వాక్యం మొదట్లో గొంతు లేపి చివర్లో దించేస్తారు. స్పాట్లు (రీల్‌లోని చిన్న ప్రకటన ముక్కలు) ఆరున్నా ఒక్కటే విన్నట్టుంటుంది. రీల్ విని పని ఇచ్చేవాళ్లు మొదటి కొన్ని సెకన్లలోనే ఒక నిర్ణయానికొచ్చేస్తారు. ఒకసారి పక్కన పెట్టిన గొంతును మళ్లీ వినిపించడం చాలా కష్టం.

డబ్బు కట్టేముందు ఒక పరీక్ష పెట్టుకోండి. ఎన్నడూ చూడని 30 సెకన్ల స్క్రిప్టు తీసుకుని, రెండు నిమిషాలు చూసుకుని, మూడు టేకులు చెప్పండి. స్క్రిప్టు చూడనివాళ్లు విని, మూడింట్లోనూ ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో చెప్పగలగాలి. తర్వాత ఎవరిచేతనైనా డైరెక్షన్ ఇప్పించుకోండి: ‘నవ్వు సగం తగ్గించు, వేగం అలాగే ఉంచు.’ కొత్తవాళ్లు నవ్వు తగ్గించగానే వేగమూ పడిపోతుంది, పదాల చివర్లు నీరసిస్తాయి. ఒకటి మార్చి రెండోది కదలకుండా పట్టుకోగలిగితే, ఐదో టేకులోనూ అదే చేయగలిగితే, రీల్ గురించి ఆలోచించవచ్చు.

ఇంట్లో రికార్డింగ్ గది సంగతి ఈ ప్యాకేజీలు దాదాపు ఎత్తవు. రీల్ స్టూడియోలో తయారవుతుంది, పని వచ్చాక ఫైలు మాత్రం చాలాసార్లు ఇంటినుంచే పంపాలి. ఏమీ మాట్లాడకుండా రికార్డు చేసినప్పుడు గది శబ్దం రికార్డింగ్ మీటరు మీద మైనస్ 60 డెసిబెల్స్ దగ్గర, లేదా అంతకన్నా కింద ఉండాలి. ఫ్యాను హోరు, గోడల ప్రతిధ్వని వినిపించాయంటే, రీల్‌లో విన్న గొంతు ఇదేనా అని క్లయింటుకు అనుమానం వస్తుంది.

మంచి ప్రొడ్యూసర్ ముందుగా మీ పచ్చి రికార్డింగులు అడుగుతారు, సిద్ధంగా లేకపోతే తిప్పి పంపుతారు. మీ గొంతుకు తగ్గ స్క్రిప్టులు రాయిస్తారు. ప్రకటనల రీల్ 60 సెకన్ల చుట్టూ ఉంటే చాలు: ఐదారు స్పాట్లు, ఒక్కోటి ఎనిమిది నుంచి పన్నెండు సెకన్లు, అన్నిటికన్నా బలమైనది మొదట. ఆడియోబుక్, కార్టూన్ గొంతులు ఇందులో కలపకూడదు, వాటికి వేరే రీల్స్ ఉంటాయి. మిక్స్‌ని, అంటే గొంతూ మ్యూజిక్కూ కలిపిన ఆడియోని, ఫోన్ స్పీకర్‌లో, తక్కువ సౌండులో వినండి. మాటల చివర్లు మ్యూజిక్‌లో మునిగిపోతుంటే ఒప్పుకోకండి.

చేతికి ఏమిస్తారన్నది కూడా చూడాలి. ఒక్క ఎంపీ3 ఇచ్చి పంపేస్తే, రేపు ఒక స్పాట్ మార్చాలన్నా మొత్తం మళ్లీ చేయించుకోవాలి. ప్రతి స్పాట్‌కూ విడిగా వేవ్ ఫైలు (నాణ్యత తగ్గించని ఆడియో ఫైలు), మ్యూజిక్ హక్కుల కాగితం, మీ గొంతును ఏఐ క్లోనింగ్‌కు (కంప్యూటర్‌తో గొంతును అనుకరించడానికి) వాడబోమన్న రాతపూర్వక హామీ అడిగి తీసుకోండి.

నాటకాలు, రేడియో, డబ్బింగ్‌లో ఇప్పటికే అనుభవం ఉన్నవాళ్లకు ఈ ప్యాకేజీ ఫరవాలేదు. కొత్తవాళ్లు పాఠాలు విడిగా ఇస్తారేమో అడగాలి. లేదంటే, కొన్ని నెలల సాధన తర్వాత మళ్లీ విని, అదే ఫీజుకు అప్పుడు రీల్ చేస్తామని రాసిస్తేనే డబ్బు కట్టాలి. రెండిటికీ ఒప్పుకోకపోతే వేరే చోట చూసుకోండి.