విండ్‌హోక్ నుంచి విక్టోరియా జలపాతం దాకా పక్షుల యాత్ర: డబ్బు కట్టేముందు

నమీబియా రాజధాని విండ్‌హోక్‌లో మొదలై బోట్స్వానా మీదుగా విక్టోరియా జలపాతం దగ్గర ముగిసే 16–18 రోజుల పక్షుల యాత్రను చాలా సంస్థలు నడుపుతున్నాయి. దారి అందరిదీ ఇంచుమించు ఒకటే. 400 రకాలు చూపిస్తామంటారు, ఆ లెక్క మామూలుగా దాటుతుంది కూడా. అసలు తేడా ఏ తెల్లవారుజామును ఎక్కడ గడిపిస్తారన్న దగ్గర వస్తుంది.

నమీబియా సముద్రతీర పట్టణం వాల్విస్ బేలో ఒక్క రాత్రే ఇచ్చే ప్లాన్ వద్దు. నమీబియాలో తప్ప మరెక్కడా లేని ఒకే ఒక్క పక్షి డ్యూన్ లార్క్. ఆ పట్టణానికి దగ్గర్లోనే, రూయిబ్యాంక్ అనే చోట ఎర్రటి ఇసుక దిబ్బల్లో, గడ్డి దుబ్బుల మధ్య పరుగులు తీస్తుంటుంది. పొద్దు పొడిచాక మొదటి రెండు గంటల్లో, ఇసుకలో తాజా కాలిగుర్తుల వెంట పోతే దొరుకుతుంది. ఎండెక్కితే నీడ పట్టి కదలదు, రంగేమో అచ్చం ఇసుకే. సముద్రం మీంచి పొగమంచు దిగి ఆ ఉదయం కాస్తా పోతే, చేతిలో మరో ఉదయం ఉండాలి. అక్కడి ఉప్పునీటి మడుగుకు పోటు వేళ చూసుకుని వెళ్లాలి. నీళ్లు తీసినప్పుడు పక్షులన్నీ దూరంగా బురద అంచుకు చేరతాయి. మధ్యాహ్నం గాలికి టెలిస్కోప్ వణుకుతుంది. పులికాట్‌లో మనం ఎక్కువగా చూసేది పెద్ద ఫ్లెమింగోనే. ఇక్కడ చిన్న రకం కూడా కలిసి మేస్తుంది. ముక్కు చూడండి, చిన్నదానిది దూరానికి నల్లగా కనిపించేంత ముదురు ఎరుపు.

స్పిట్జ్‌కాప్ రాతికొండల్లో హెరెరో చాట్ అనే చిన్న పక్షికి ఒక సాయంత్రం, ఒక ఉదయం చాలు.

ఎటోషా నేషనల్ పార్కులో శిబిరాలు, మరుగుదొడ్లు ఉన్నచోట తప్ప బండి దిగనివ్వరు. కాబట్టి మనిషికో కిటికీ సీటు ఉందో లేదో ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి. బండిలో ట్రైపాడ్ దండగ; ఖాళీ గుడ్డసంచి తీసుకెళ్లి అక్కడే బియ్యం నింపుకుంటే కెమెరాకు మంచి ఆసరా. అన్ని రాత్రులూ ఒకౌకుయెజో శిబిరంలోనే పెడితే ఒప్పుకోవద్దు. అక్కడి నీటిగుంట దగ్గర ఏనుగులు బాగానే కనిపిస్తాయి గానీ, వయొలెట్ వుడ్‌హూపో, బేర్‌చీక్డ్ బాబ్లర్ అనే పక్షులు కావాలంటే మోపానే చెట్ల మధ్యనున్న హలాలి శిబిరం మేలు. గుడ్లగూబలు పగలు ఏ చెట్టు మీద నిద్రపోతాయో అక్కడి పనివాళ్లను అడగండి. ఇక తీగల మీద కూర్చునే లైలాక్ బ్రెస్టెడ్ రోలర్, మన పాలపిట్టకు దగ్గరి చుట్టం. మొదటి రోజు ప్రతిదానికీ బండి ఆపిస్తారు, నాలుగో రోజుకు తల కూడా తిప్పరు.

బోట్స్వానాలోని షకావే దగ్గర ఒకవాంగో నదిలో చిన్న పడవే ఉండాలి. చేపలు పట్టే గుడ్లగూబ పెల్స్ ఫిషింగ్ ఔల్ పగలు ఒడ్డునున్న గుబురు చెట్లలో దాక్కుంటుంది. పెద్ద పడవ ఆ పాయల్లోకి పోలేదు. ఆఫ్రికన్ స్కిమ్మర్ అనే నీటిపక్షి ఇసుక మేటల మీద గుడ్లు పెడుతుంది, నీరు ఎక్కువగా ఉంటే ఆ మేటలే ఉండవు. అందుకే నీరు తగ్గి ఉండే అక్టోబరు, నవంబరు తేదీలు మంచివి, ఉడికించే ఎండ ఉన్నా సరే. ఎటోషా నుంచి తూర్పుకు మలేరియా ప్రాంతం. మాత్రల సంగతి బయల్దేరకముందే డాక్టరుతో మాట్లాడాలి. శాకాహారులు ఆ మాట బుకింగ్‌లోనే చెప్పాలి, దారిలో దొరికేది ఎక్కువగా మాంసమే.

ఆఖర్న జలపాతం దగ్గర రెండు రాత్రులుంటే, ఒకటి తగ్గించి షకావేకి కలపమని అడిగి చూడండి.