ప్యానెల్ బోర్డుల్లో టెర్మినళ్లు: ఏళ్ల తరబడి వాడాక ఏది నిలిచింది, ఏది నిలవలేదు

రైస్ మిల్లులకీ, బోరు మోటార్లకీ ప్యానెల్ బోర్డులు కట్టడం మా పని. మోటారు కాలిందనో, కాంటాక్టర్ (మోటారుకు కరెంటు కలిపి, తెంచే స్విచ్చు) పోయిందనో ఫోన్ వస్తుంది. వెళ్లి తలుపు తీస్తే చాలాసార్లు ఆ రెండూ బాగానే ఉంటాయి. వైర్లు వచ్చి కలిసే టెర్మినల్ దగ్గర ఒక వైరు నల్లబడి, పక్కన ప్లాస్టిక్ కరిగి ఉంటుంది. బోర్డు మొత్తంలో చవకైన వస్తువు అదే, ఎక్కువసార్లు పనిలో పెట్టేదీ అదే.

లూజ్ కాంటాక్ట్ దగ్గర 0.1 ఓమ్ రెసిస్టెన్స్ చేరిందనుకోండి. అందులోంచి 15 ఆంపియర్లు పోతే 22 వాట్లకు పైగా వేడి పుడుతుంది. ఎలక్ట్రానిక్స్ వాళ్లు వాడే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. అంత వేడిని గంటల తరబడి ఐదారు మిల్లీమీటర్ల వెడల్పున్న ప్లాస్టిక్ ముక్క ఎంతకాలం ఓర్చుకుంటుంది? అందుకే టెర్మినల్ మీద రాసిన ఆంపియర్ల కన్నా, అది వైరును ఎలా పట్టుకుంటుందన్నదే నేను ముందు చూస్తాను.

35 ఎంఎం డిన్ రైల్ (బోర్డు లోపల బిగించే ఇనుప పట్టీ) మీద ఎక్కే స్క్రూ టెర్మినళ్లే నేను ఎక్కువగా వాడాను. కనెక్ట్‌వెల్, ఎల్మెక్స్, ఫీనిక్స్ కాంటాక్ట్ కంపెనీలు మూడూ మా బోర్డుల్లో ఉన్నాయి. కదలిక లేని గదిలో, సరిగా బిగిస్తే, వీటితో నాకు పేచీ లేదు. బిగించడంలోనే ఉంది చిక్కంతా. 2.5 స్క్వేర్ ఎంఎం వైరు సైజుకు కావాల్సిన టార్క్ (స్క్రూ తిప్పే బలం) సుమారు అర న్యూటన్ మీటరు, అంటే చిన్న స్క్రూడ్రైవర్, మణికట్టు బలం చాలు. కుర్రాళ్లు పెద్ద స్క్రూడ్రైవర్ తీసుకుని బలం చూపిస్తే మర పోతుంది, లేదా పోగులు తెగుతాయి. సరిగా బిగించినా రాగి మెత్తనిది కాబట్టి ఒత్తిడికి అణుగుతుంది, వేడెక్కి చల్లారే కొద్దీ పట్టు తగ్గుతుంది. మా దగ్గర సీజన్ మొదలయ్యే ముందు మెయిన్ ఆఫ్ చేసి అన్నీ ఒకసారి బిగించడం అలవాటు.

పోగుల వైరుకు ఎండ్ ఫెర్రుల్ లేకుండా ఇప్పుడు ఏ బోర్డూ కట్టడం లేదు. నంబర్లు వేసే ఫెర్రుల్ కాదు, వైరు చివర తొడిగి క్రింప్ చేసే చిన్న రాగి గొట్టం. పెట్టిన డబ్బుకు ఇంత ఫలితం ఇచ్చే వస్తువు ఈ పనిలో ఇంకోటి లేదు. వైరు సైజును బట్టి దాని ప్లాస్టిక్ కాలర్ రంగు మారుతుంది కాబట్టి (1.5కి నలుపు, 2.5కి నీలం) తప్పు వైరు ఇట్టే కనబడుతుంది. దీని బదులు కొందరు వైరు చివర సోల్డర్ పూసి స్క్రూ కింద పెడతారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ సోల్డర్ ఒత్తిడికి నెమ్మదిగా జారుతుంది, కొన్ని నెలలకు స్క్రూ వదులవుతుంది. దయచేసి అలా చేయకండి.

వైబ్రేషన్ ఉన్నచోట మాత్రం స్ప్రింగుతో పట్టే పుష్-ఇన్ టెర్మినళ్లే. మిర్యాలగూడ వైపు ఒక మిల్లులో వీటిని చూపిస్తే ఓనరు నమ్మలేదు: "స్క్రూ లేకుండా ఎట్ల పట్టుకుంటదన్నా?" పట్టుకుంది. బియ్యం పాలిష్ పట్టే మెషిను పక్కనే ఉన్న ఆ బోర్డులో స్క్రూ టెర్మినళ్లు వదులైనన్ని సార్లు ఇవి వదులవలేదు, అసలు వదులవలేదనే చెప్పాలి. వైరు వదులయ్యే కొద్దీ స్ప్రింగు తనే ముందుకు జరిగి నొక్కుతుంది. ఇబ్బంది ఏమిటంటే, వైరు తీయడానికి స్క్రూడ్రైవర్ పెట్టే రంధ్రంలో తవుడు దుమ్ము చేరుతుంది. బోర్డు డోరు గ్యాస్కెట్ (అంచు రబ్బరు), కేబుల్ గ్లాండ్లు (కేబుల్ లోపలికి వచ్చే రంధ్రాన్ని మూసే బిగింపులు) బాగుండాలి. ఫెర్రుల్ లేని పోగుల వైరు నేరుగా తోస్తే లోపలికి పోదు, మడతపడుతుంది.

లివర్ ఎత్తి వైరు పెట్టి మూసే వాగో 221 రకం ఇళ్లలో లైట్ల జాయింట్లకు, జంక్షన్ బాక్సులకు నాకు బాగా నచ్చింది. 4 స్క్వేర్ ఎంఎం వరకు, 32 ఆంపియర్లు. 11 ఎంఎం ఇన్సులేషన్ తీయాలి. బాడీ పారదర్శకం కాబట్టి వైరు చివరి దాకా వెళ్లిందో లేదో కంటికి కనబడుతుంది. టేపు చుట్టిన జాయింటులో ఏముందో ఎవరికి తెలుసు? అయితే ఇదే రూపంలో పేరు లేని సరుకు చాలా దొరుకుతోంది, అందులో స్ప్రింగు కొన్నాళ్లకే మెత్తబడింది.

వీటిలో ఏదీ పొలంలో స్తంభం నుంచి వచ్చే అల్యూమినియం వైరుకు పనికిరాదు. అల్యూమినియం మీద కంటికి కనబడని ఆక్సైడ్ పొర ఉంటుంది, అది కరెంటును సరిగా పోనివ్వదు. దాన్ని రాగితో కలిపి మెలేస్తే, తడి తగిలినప్పుడు అల్యూమినియం తుప్పుపట్టి అరిగిపోతుంది. వైర్ బ్రష్‌తో రుద్ది, బైమెటాలిక్ లగ్గు (ఒకవైపు అల్యూమినియం, ఒకవైపు రాగి ఉండే చివరి ముక్క) క్రింప్ చేసి, బోల్టు టెర్మినల్‌కు బిగించాలి. రైతు ఖర్చు ఎక్కువంటే నేను తగ్గించేది ఇండికేటర్ లైట్లు, వోల్ట్ మీటరు, ఇది కాదు.

టైమర్లు, మొబైల్ స్టార్టర్ల (ఫోన్‌తో మోటారు వేసేవి) కంట్రోల్ కార్డులకు ఊడదీసి పెట్టే పీసీబీ (సర్క్యూట్ బోర్డు) కనెక్టర్ ఉన్నవే తీసుకోండి. కార్డు పోయినా వైర్లు కలగాపులగం కావు. కొనేటప్పుడు పిచ్, అంటే పిన్నుకీ పిన్నుకీ మధ్య దూరం (ఎంఎంలలో), చూడాలి. 5.00, 5.08 ఒకటే కదా అనిపిస్తుంది, రెండు పిన్నులకైతే సర్దుకుంటుంది కూడా. పన్నెండు పిన్నులకు వచ్చేసరికి తేడా 0.88 ఎంఎం అయి కూర్చుంటుంది, దూరదు.

హైదరాబాద్ ట్రూప్ బజార్‌లో కొనేటప్పుడు టెర్మినళ్లతో పాటు ఎండ్ ప్లేట్లు, వరుస జరగకుండా ఆపే ఎండ్ స్టాపర్లు కూడా అడిగి తీసుకోండి. ఒకవైపు తెరిచి ఉండే రకాల్లో వరుస చివరి టెర్మినల్‌కు ఎండ్ ప్లేటు లేకపోతే లోపలి లోహం బయటికి కనబడుతూ ఉంటుంది, టెస్టర్ పట్టుకున్న చెయ్యి సరిగ్గా అక్కడికే వెళ్తుంది.